శాంతి సేన తిరిగి వచ్చేసింది. శ్రీలంక తమిళులు శిబిరాల్లోనే ఎందుకు ఉండిపోయారు?

అమలాపురంలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది: "మా పెదనాన్నగారు 1988లో శ్రీలంకలో భారత శాంతి సేనలో పనిచేశారండి. ఆ సైనిక చర్య విఫలమైందని చదివాను. ఆ వైఫల్యం వల్లనే అక్కడి తమిళులు శరణార్థులై మన దేశానికి వచ్చారా? వచ్చినవాళ్ళు ముప్పై అయిదేళ్ళు దాటినా ఇంకా శిబిరాల్లో ఎందుకున్నారు? ఇంట్లో అడిగితే పెదనాన్నగారు మాట దాటేస్తున్నారు."

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. మన సైన్యం వెళ్ళడం వల్ల వాళ్ళు శరణార్థులు కాలేదు. మన సైన్యం వెళ్ళడానికి నాలుగేళ్ళ ముందే, 1983 జులైలో కొలంబోలోను ఇతర పట్టణాలలోను తమిళుల మీద జరిగిన దాడుల తర్వాత, మొదటి పడవలు రామేశ్వరం చేరాయి. అయితే మనం వచ్చామన్న ధైర్యంతో తిరిగి వెళ్ళిన కుటుంబాలలో చాలా వాటికి రెండోసారి పడవ ఎక్కవలసిన గతి పట్టడానికి, మనతో కలిసి పనిచేసినవారు కొత్తగా శరణార్థులు కావడానికి మాత్రం మన వైఫల్యమే కారణం. ఇక వాళ్ళు ఇన్నేళ్ళూ శిబిరాల్లోనే ఉండిపోయారంటే అందుకు యుద్ధం కన్నా మన పౌరసత్వ చట్టమే పెద్ద కారణం. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పేవాళ్ళు తక్కువ గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో హవల్దారుగా పనిచేశాను. 1987 చివర నుంచి 1990 మార్చి మధ్య రెండు విడతలుగా జాఫ్నా, ట్రింకోమలీ ప్రాంతాలలో రేషన్ సరఫరా నా బాధ్యతగా ఉండేది. అందువల్ల నేను చూసిన యుద్ధం ఎక్కువగా లారీ ముందు సీట్లోంచి, గోదాము గుమ్మంలోంచి చూసిన యుద్ధం. 1992లో పదవీ విరమణ చేసి రాజోలు దగ్గర మా ఊరికి వచ్చాక మాజీ సైనికుల పింఛను కాగితాలు, కువైట్ నుంచి తిరిగి వచ్చినవారి పరిహారపు దరఖాస్తులు రాసి పెట్టడం నా వ్యాపకంగా మారింది. అప్పట్లో సెలవు మీద వచ్చి "లంక నుంచి వచ్చాను" అంటే మా ఊళ్ళో ఎవరికీ ఆశ్చర్యం కలిగేది కాదు, గోదావరి పాయల మధ్య మేట వేసిన ప్రతి దిబ్బా మనకు లంకే గనుక, "ఏ లంక?" అని అడిగేవారు.

వైఫల్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఎవరి హక్కుల కోసం ఆ ఒప్పందమో ఆ తమిళుల తరఫున అందులో సంతకం లేదు. తమిళ సంస్థలు ఆయుధాలు అప్పగించాలి, లంక సైన్యం బారకాసులకు పోవాలి, ఉత్తర తూర్పు రాష్ట్రాలకు ఒక మండలి ఏర్పడాలి, వీటన్నిటికీ భారతదేశం పూచీ ఉండాలి అన్నది ఏర్పాటు. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్ మొదట వెళ్ళింది. ఆగస్టులో పూలదండలు వేసిన జనమే అక్టోబరు నాటికి తలుపులు మూసుకున్నారు. సెప్టెంబరు 26న, తమిళ పులులు అని పిలిచే సాయుధ సంస్థ ఎల్టీటీఈ నాయకుడు తిలీపన్ నిరాహార దీక్షలో మరణించాడు. అక్టోబరు 5న లంక సైన్యం నిర్బంధంలో ఉన్న ఎల్టీటీఈ నాయకులు సైనైడ్ మింగారు. ఆ వారం తిరగకముందే మేము పులులతో యుద్ధంలో ఉన్నాము. కాపలా కోసం వెళ్ళిన సైన్యం డెబ్బై, ఎనభై రోజులలో పోరాడే సైన్యంగా మారింది. జాఫ్నా విశ్వవిద్యాలయ ఆవరణలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది ఆ పోరులో చనిపోయారు. మొత్తం మీద మన వైపు దాదాపు 1,200 మంది ప్రాణాలు కోల్పోయారు.

మన వైపు లెక్క చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. 1987 అక్టోబరు 21, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులలో డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా మరణించారు. మాజీ సైనికుల సమావేశాలలో ఈ మాట ఎత్తితే కొందరికి కోపం వస్తుంది. నాకు తెలిసినంతలో, ఆ తర్వాత జాఫ్నా జనంతో మేము ఎంత మర్యాదగా ప్రవర్తించినా, వాళ్ళు మా లారీని చూసిన చూపులో ఆ దీపావళి ఉండేది. మీ పెదనాన్నగారి మౌనానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు; కాకపోవచ్చు కూడా.

1989 జనవరిలో ప్రేమదాస అధ్యక్షుడయ్యాక మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నాడు. ఆ ఏడాది చివర ఢిల్లీలో వి.పి.సింగ్ ప్రభుత్వం వచ్చింది. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ రేవు విడిచింది. మద్రాసులో దిగిన సైన్యాన్ని స్వాగతించడానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదన్న సంగతి మీరు చదివే ఉంటారు.

ఇప్పుడు శరణార్థుల లెక్కకు వద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు సమాధానం తేదీలలోనే ఉంది. 1983 జులై నుంచి ఒప్పందం కుదిరిన రోజు వరకు దాదాపు 1.34 లక్షల మంది తమిళనాడుకు వచ్చారు. ఒప్పందం మీద నమ్మకంతో 1987 డిసెంబరు నుంచి 1989 ఆగస్టు వరకు 25 వేలకు పైగా మంది ప్రభుత్వ ఏర్పాటు మీద ఓడలలో తిరిగి వెళ్ళారు. ఆ తర్వాత, 1989 ఆగస్టు చివర నుంచి 1991 ఏప్రిల్ లోపల, మళ్ళీ 1.22 లక్షల మంది వచ్చారు. మేము రేవు విడిచిన పదకొండు వారాలకే, 1990 జూన్‌లో, లంక ప్రభుత్వానికి పులులకు మధ్య రెండో ఈలం యుద్ధం మొదలైంది. వెళ్ళినవారి సంఖ్య, మళ్ళీ వచ్చినవారి సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. మన పూచీ విలువ ఎంతో తెలుస్తుంది.

ఒప్పందాన్ని నమ్మి లంకకు తిరిగి వచ్చిన ఆ కుటుంబాలను నేను ట్రింకోమలీ వైపు చూశాను. తమిళనాడు శిబిరాలలో ఇచ్చిన అల్యూమినియం గిన్నెలు, చుట్టచుట్టిన చాపలు, అక్కడే పుట్టిన పిల్లలు. కాలిపోయిన ఇళ్ళ మీద తాటాకు కప్పుకుని, మా గోదాములో ఖాళీ అయిన గోనె సంచులు అడిగి పట్టుకెళ్ళి దడి కట్టుకునేవారు. 1986 ఆగస్టు వరద తర్వాత మా మేనత్తగారి ఊళ్ళో జనం చేసిన పని అచ్చం ఇదే గనుక, వీళ్ళు కూడా నిలదొక్కుకుంటారనే అనుకున్నాను. మన వరదకు ఒక గుణముంది, అది తీస్తుంది. నీరు తీశాక బడిలో తలదాచుకున్నవాళ్ళు ఇంటికి పోయి, బురద ఊడ్చి, పొయ్యి వెలిగిస్తారు. అక్కడ ఆ నీరు తీయలేదు.

మనతో పనిచేసినవారి సంగతి ఇంకా కష్టమైనది. 1988 నవంబరులో ఉత్తర తూర్పు మండలికి ఎన్నికలు జరిగి, పులులకు పోటీగా ఉన్న తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్ఎఫ్ తరఫున వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. మనం వెళ్ళిపోతామని తేలాక ఆ ప్రభుత్వాన్ని కాపాడుకోవడం కోసం తమిళ జాతీయ సైన్యం అనే పేరుతో ఒక దళాన్ని హడావిడిగా కూర్చారు. అందులో చేరినవాళ్ళు అందరూ ఇష్టపడి చేరినవాళ్ళు కారు. బడి నుంచి, సినిమా హాలు నుంచి, బస్సు నుంచి పట్టుకుపోయిన కుర్రాళ్ళు ఉన్నారు. మేము ఒక్కొక్క పట్టణం ఖాళీ చేస్తూ ఉంటే పులులు ఒక్కొక్క పట్టణంలోకీ వస్తూ ఆ కుర్రాళ్ళను ఏరేశారు. మిగిలినవారిని, వారి కుటుంబాలను తమిళనాడు ప్రభుత్వం దగ్గరకు రానివ్వకపోవడంతో, ఒరిస్సాలోని మల్కన్‌గిరికి తరలించారు. ఆ అడవి ప్రాంతంలో పడిన వాన శబరిలోకి చేరి, కూనవరం దగ్గర మన గోదావరిలోనే కలుస్తుంది. అయినా ఆ వేసవిలో అక్కడ శ్రీలంక తమిళులు ఉన్నారన్న సంగతి మన జిల్లాలలో ఎంతమందికి తెలుసునో చెప్పలేను. 1990 జూన్ 19న ఈపీఆర్‌ఎల్ఎఫ్ నాయకుడు పద్మనాభను, అనుచరులతో సహా, మద్రాసు నగరంలోనే పులులు చంపారు. మన గడ్డ మీదకు వచ్చినా రక్షణ లేదని అప్పుడు తెలిసింది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా గోదాములో తమిళం, ఇంగ్లీషు రెండూ వచ్చిన ఒక బడిపంతులు దుబాసీగా పనిచేసేవారు. కూరగాయల వర్తకులతో బేరాలు, గ్రామ పెద్దలతో మాటలు, ఎవరింటి గోడ మా లారీ తగిలి పడిపోతే ఆ తగాదా తీర్చడం, అన్నీ ఆయనే చూసేవారు. మేము వచ్చేసే ముందు వారం, "మీరు వెళ్ళాక నన్ను అడుగుతారు కదా" అన్నారు, అంతే. ఎవరు అడుగుతారో ఇద్దరికీ తెలుసు. 1991లో ఏపీవో (సైనిక తపాలా) చిరునామా మీద నాకు ఒక ఉత్తరం వచ్చింది. ఆయన భార్యాపిల్లలతో తమిళనాడులో ఒక శిబిరంలో ఉన్నారు. తాను భారత సైన్యానికి రెండేళ్ళు పనిచేసినట్టు ఒక ధ్రువపత్రం ఇప్పించమని అడిగారు. నేను పై అధికారి దగ్గరకు తీసుకువెళ్ళాను. రోజుకూలీ పద్దులో 'పౌరుడు, ఒకరు' అని తప్ప ఏ రిజిస్టరులోనూ ఆయన పేరు లేదు. పేరు లేని మనిషికి ధ్రువపత్రం ఎలా ఇస్తామన్నారు. నియమం ప్రకారం ఆ అధికారి చెప్పినదాంట్లో తప్పు లేదు. నేను నా సొంత చేతిరాతతో ఒక కాగితం రాసి పంపాను; హవల్దారు రాసిన కాగితానికి విలువ ఎంతో నాకు తెలియనిది కాదు. 1994లో రామేశ్వరం దగ్గరి మండపం శిబిరానికి వెళ్ళి వాకబు చేశాను. ఒకప్పుడు లంక తేయాకు తోటలకు కూలీలను పంపే ముందు ఆపి ఉంచిన చోటు అది. ఇప్పుడు అటు నుంచి వచ్చినవాళ్ళను ఉంచుతున్నారు. ఆ కుటుంబం తిరిగి వెళ్ళిందని ఒకరు, వేరే శిబిరానికి మారిందని మరొకరు చెప్పారు. అంతకు మించి నాకు దొరకలేదు.

అమెరికా కూడా ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌లలో తన దుబాసీలను పూర్తిగా కాపాడుకోలేదు. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం ఎలా ఉందో అందరమూ చూశాము. అయినా వాళ్ళ కోసం ప్రత్యేక వీసా చట్టం ఒకటి అప్పటికే ఉండేది, పైఅధికారి ఉత్తరం ఉంటే దరఖాస్తు పెట్టుకునే దారి ఉండేది. మనం అలాంటి దారి ఏదీ వేయలేదు.

ఆ దారి ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో కోనసీమలో కూర్చుని చూశాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. మన జిల్లాల నుంచి ఇంటి పనులకు వెళ్ళిన ఆడవాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. అక్కడ నుంచి ఎయిరిండియా 488 విమానాలలో జనాన్ని తెచ్చింది. జీతం బాకీలు పోయాయి, బంగారం పోయింది, కొందరికి చెప్పులు కూడా లేవు. కానీ చేతిలో పాస్‌పోర్టు ఉంది, లేదా పాస్‌పోర్టు నంబరు రాసిపెట్టుకున్న చీటీ ఉంది. తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం, ఇరాక్ చమురు డబ్బు లోంచి, కువైట్ విడిచి రావలసి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్లు ఇచ్చింది. ఆ దరఖాస్తులు నేను కొన్ని డజన్లు నింపాను. మలికిపురం వైపు ఒకావిడ తన పాస్‌పోర్టు కాగితాలను ఆవకాయ జాడీ మూతకు కట్టే గుడ్డలో చుట్టి తెచ్చింది. నూనె మరకల మధ్య వీసా ముద్ర కనిపించింది, డబ్బు వచ్చింది, దానితో ఇంటికి స్లాబు వేసుకుంది. ఒకే సంవత్సరంలో జరిగిన రెండు ఘటనలు ఇవి. ఆవిడ పోగొట్టుకున్నది ఒక లెక్కలో ఉంది. మా పంతులుగారు పోగొట్టుకున్నది ఏ లెక్కలోనూ లేదు.

ఇక చట్టం. పరీక్షకు కూడా ఇదే మీకు పనికివస్తుంది.

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ చేయలేదు. అందువల్ల శిబిరంలో ఉన్నవారు మన మాటలో శరణార్థులే గాని, చట్టం దృష్టిలో విదేశీయులు. పాస్‌పోర్టు లేకుండా పడవలో వచ్చినవారు పౌరసత్వ చట్టానికి 2003లో చేసిన సవరణ తర్వాత 'అక్రమ వలసదారు' అనే మాట కిందకు వచ్చి, పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే అర్హతనే కోల్పోయారు. 2019 సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన కొన్ని మతాలవారికి మినహాయింపు ఇచ్చింది; శ్రీలంకను అందులో చేర్చలేదు.

మనసుకు పట్టే తేదీ మరొకటి ఉంది. మన గడ్డ మీద 1987 జులై 1కి ముందు పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా, పుట్టుకతో భారత పౌరులు. ఆ రోజు నుంచి పుట్టినవారికి తల్లిదండ్రులలో కనీసం ఒకరు పౌరులై ఉండాలి. అంటే శాంతి సేన వెళ్ళిన సంవత్సరంలోనే, ఒకే శిబిరంలో, ఒక గుడిసెలో జూన్‌లో పుట్టిన బిడ్డ భారతీయుడు. పక్క గుడిసెలో జులైలో పుట్టిన బిడ్డ కాదు. ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణ అనుకోకండి. 1986లో మండపంలో పుట్టిన ఒక మహిళ మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనానికి వెళ్ళి, 2022లో పాస్‌పోర్టుకు అనుకూలంగా ఆదేశం తెచ్చుకుని, 2024 ఎన్నికలలో ఓటు వేసింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు.

శిబిరాలలో ఉన్నవారందరినీ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. కొందరు ఉత్తర తూర్పు ప్రాంతాలలో తరతరాలుగా ఉన్న తమిళులు. మరికొందరు బ్రిటిషువారు తేయాకు తోటలకు తీసుకుపోయిన భారత సంతతివారు. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం ప్రకారం 5.25 లక్షల మందికి మనం పౌరసత్వం ఇస్తామని ఒప్పుకున్నాము. ఆ కాగితం పని పూర్తికాకముందే 1983 వచ్చింది, వాళ్ళు పడవ ఎక్కారు. వీళ్ళ దరఖాస్తులను పరిశీలించమని 2019లో అదే ధర్మాసనం చెప్పింది. నా అభిప్రాయంలో వీళ్ళ వాదన అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే వాళ్ళు కొత్తగా అడుగుతున్నది ఏమీ లేదు.

మన పెద్దవాళ్ళకు 'కాందిశీకులు' అంటే బర్మా గుర్తుకు వస్తుంది. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ మన తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు అరకాన్ కొండల మీదుగా నడిచి వచ్చినవాళ్ళు, 1964 తర్వాత ఓడలలో వచ్చినవాళ్ళు ఎన్ని కష్టాలు పడినా, దిగిన రేవు తమ దేశపు రేవే. రుణాలకు, స్థలాలకు, ఉద్యోగాలకు వాళ్ళ పేరు మీద పథకాలు వచ్చాయి. శ్రీలంక తమిళుడిని కూడా అదే మాటతో పిలిస్తే ఈ తేడా కనిపించదు. అందుకే రాసేటప్పుడు నేను కాందిశీకులు అనే మాటను బర్మావారికి, శరణార్థులు అనే మాటను లంకవారికి వాడుతున్నాను.

"2009లో యుద్ధం ముగిసింది కదా, ఎందుకు వెళ్ళరు?" అని చాలామంది అడుగుతారు. వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వెళ్ళనివారి కారణాలు వినండి. జాఫ్నా ఉత్తర భాగంలో, పలాలి చుట్టూ, 1990 నుంచి సైన్యం హై సెక్యూరిటీ జోన్‌గా పట్టుకున్న పొలాలు యుద్ధం ముగిశాక కూడా ఏళ్ళ తరబడి విడుదల కాలేదు. సరిహద్దు రాయి ఎక్కడుందో చెప్పగల తాత చనిపోయాడు. మనవడు రామనాథపురం యాసలో తమిళం మాట్లాడతాడు, పెయింటింగ్ పనికి పోతాడు, ఇక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. 1991 మేలో రాజీవ్ గాంధీ హత్య తర్వాత శిబిరాలవారి మీద పడిన అనుమానం, నిఘా, బలవంతంగా పంపేస్తారన్న భయం కూడా వాళ్ళు మరచిపోలేదు. వెళ్ళేవారు ఇష్టపడే వెళుతున్నారో లేదో చూడడానికి 1992లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థను మద్రాసులో పెట్టనివ్వవలసి వచ్చింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం శిబిరాల పేరును పునరావాస శిబిరాలుగా మార్చి, 317 కోట్ల రూపాయలతో ఇళ్ళు, సదుపాయాలు ప్రకటించింది. ఇల్లు మారింది, హోదా మారలేదు. 2015 జనవరి 9 లోపల వచ్చి నమోదైనవారిని పత్రాలు లేవన్న కారణంతో శిక్షించరాదని 2025లో కేంద్రం ఇచ్చిన మినహాయింపు మంచిదే గాని, అది శిక్ష నుంచి మినహాయింపు మాత్రమే.

మీరు పరీక్షలో దీన్ని రాయవలసి వస్తే, 'శాంతి సేన వైఫల్యం' అనే శీర్షిక కింద సైనిక కారణాలు మాత్రమే రాసి ఆపేయకండి. గూఢచారి సమాచారం సరిగా లేకపోవడం, పటాలు లేకపోవడం, లక్ష్యం మారిపోవడం, ఇవన్నీ నిజమే. వాటితో పాటు ఆ 25 వేల మంది రాకపోకల లెక్క రాయండి, 1987 జులై 1 తేదీ రాయండి. ఒక హెచ్చరిక: 'శాంతి సేన వల్ల 1.22 లక్షల మంది శరణార్థులయ్యారు' అని మాత్రం రాయకండి. వాళ్ళను తరిమింది రెండో ఈలం యుద్ధం. వాళ్ళకు రక్షణగా నిలబడతామని చెప్పి నిలబడలేకపోయింది మనం.

మీ పెదనాన్నగారి విషయం. యుద్ధం గురించి, ఎంతమందిని చంపారని, ఎవరు గెలిచారని అడిగితే ఆయన ఈసారి కూడా మాట దాటేస్తారు. నన్ను అడిగినా అదే చేస్తాను. సాయంత్రం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు, "మీ యూనిట్‌కు తమిళంలో మాట్లాడి పెట్టింది ఎవరండీ, ఆయన పేరేమిటి?" అని అడిగి చూడండి. పేరు చెబితే ఊరితో సహా రాసి ఉంచి నాకు కూడా పంపండి. మా వైపు నుంచి అలా పోగుచేసిన పేర్లు నా దగ్గర పదకొండు ఉన్నాయి.